గ్లూకోజ్‌లోని శక్తి కణానికి ఎలా అందుతుంది? ఆక్సిజన్ ఉన్నా, లేకున్నా లెక్క తేలేలా ఒక సమగ్ర మార్గదర్శి

మనం పీల్చిన ఆక్సిజన్ చివరికి ఏమవుతుంది? ఎవరిని అడిగినా తడుముకోకుండా "కార్బన్ డయాక్సైడ్ అవుతుంది" అంటారు. లోపలికి ఆక్సిజన్, బయటికి కార్బన్ డయాక్సైడ్ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి ఒకటి ఇంకోటిగా మారిపోతుందని అనుకోవడం సహజమే. కానీ కణంలో జరిగేది అది కాదు. ఆక్సిజన్ నీరవుతుంది. కార్బన్ డయాక్సైడ్ దారి వేరు, అది పుట్టే చోటు వేరు.

ఈ ఒక్క సంగతి సరిగ్గా పట్టుబడితే కణ శ్వాసక్రియ పాఠం మొత్తం తిన్నగా నిలబడుతుంది. పట్టుబడకపోతే ఎంజైముల పేర్లు, అంటే కణంలో చర్యలను నడిపే ప్రోటీన్ల పేర్లు, ఎన్ని బట్టీ కొట్టినా పరీక్ష మర్నాటికి ఏవీ మిగలవు. అందుకే ఇక్కడ పేర్ల కంటే లెక్కకు ఎక్కువ చోటిచ్చాను. ఒక కాగితం తీసుకుని నాలుగు నిలువు గళ్లు గీసుకోండి: పని జరిగే చోటు, కార్బన్లు, ఏటీపీ, నిండిన తట్టలు. నాలుగోది ఏమిటో రెండో మెట్టులో తెలుస్తుంది. చదువుతూ ప్రతి మెట్టు దగ్గరా గళ్లు మీరే నింపండి. ఊరికే చదివితే అర్థమైనట్టే ఉంటుంది, రాస్తేనే ఎక్కడ అర్థం కాలేదో తెలుస్తుంది.

మెట్టు 1: కణం ఖర్చుపెట్టే నాణెం ఏదో తెలుసుకోండి

గ్లూకోజ్‌లో శక్తి ఉంది, నిజమే. కానీ కండరం ముడుచుకోవాలన్నా, నాడీకణం సంకేతం పంపాలన్నా గ్లూకోజ్‌ను నేరుగా వాడుకోలేవు. పెద్ద నోటు పట్టుకుని చిల్లర కొట్టుకు వెళ్లినట్టే. గ్లూకోజ్‌ను చిల్లరగా మార్చుకోవాలి. ఆ చిల్లరే ఏటీపీ, పూర్తి పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దానికి మూడు ఫాస్ఫేట్లు వరుసగా తగులుకుని ఉంటాయి. చివరిది ఊడితే ఏడీపీ మిగులుతుంది, ఆ ఊడడంలో పనికొచ్చే శక్తి బయటపడుతుంది. ప్రామాణిక పరిస్థితుల్లో ఒక మోల్ ఏటీపీకి 7.3 కిలోకేలరీలు. ఆహారాన్ని కరిగించి మళ్లీ ఆ ఫాస్ఫేట్‌ను ఏడీపీకి తగిలిస్తే ఏటీపీ తిరిగి సిద్ధం.

ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్క్, ఎల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కండరంలో గుర్తించారు. అంతకు రెండేళ్ల ముందే ఫిస్క్, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. దాని పని ఏమిటో అయిదో మెట్టులో చూస్తాం. శక్తి గురించిన ఏ పాఠంలోనైనా సుబ్బారావు పేరు వినిపించాలని నా గట్టి కోరిక.

ఒక విషయం మనసులో ఉంచుకోండి. ఏటీపీని శరీరం దాచుకోదు. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది కొన్ని పదుల గ్రాములు మాత్రమే. అదే మళ్లీ మళ్లీ విరుగుతూ, తయారవుతూ ఉంటుంది. ఒక రోజులో ఇలా తిరిగే ఏటీపీని కూడితే దాదాపు మనిషి బరువంత తేలుతుంది. తయారీ కొద్ది నిమిషాలు ఆగినా ప్రాణం నిలవకపోవడానికి కారణం ఇదే.

మెట్టు 2: తట్టలను లెక్కపెట్టడం నేర్చుకోండి

చాలా పాఠాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నేను దాటను, ఎందుకంటే అసలు కీలకం ఇక్కడే ఉంది.

గ్లూకోజ్‌ను విడగొట్టేటప్పుడు దాని నుంచి హైడ్రోజన్లను, అంటే శక్తి నిండిన ఎలక్ట్రాన్లను, కొంచెం కొంచెంగా లాగేస్తారు. లాగినవాటిని గాలిలో వదిలేయడం కుదరదు, ఎవరో ఒకరు మోయాలి. ఆ మోసే అణువు పేరు ఎన్ఏడీ. మట్టి మోసే తట్టలా ఊహించుకోండి. ఖాళీ తట్ట ఎన్ఏడీ, రెండు ఎలక్ట్రాన్లు ఎత్తుకున్న నిండు తట్ట ఎన్ఏడీహెచ్. ఇలాంటిదే ఇంకో రకం తట్ట ఎఫ్ఏడీ. నిండితే అది ఎఫ్ఏడీహెచ్2.

కణంలో తట్టలు చాలా తక్కువ. తక్కువ తట్టలతో పని సాగాలంటే నిండినదాన్ని ఎక్కడో ఒకచోట దించి, ఖాళీ చేసి వెనక్కి తేవాలి. దించే చోటు మూసుకుపోతే తవ్వకం దగ్గర పని కూడా ఆగిపోతుంది. శక్తి మార్గంలో ఆక్సిజన్ పాత్రంతా ఈ దించే చోటుదే.

ఎన్ఏడీ తయారీకి నియాసిన్ అనే బీ3 విటమిన్, ఎఫ్ఏడీకి రైబోఫ్లేవిన్ అనే బీ2 విటమిన్ కావాలి. తట్ట అరిగిపోదు, తిరిగి తిరిగి వాడుకుంటాం కాబట్టే ఈ విటమిన్లు రోజుకు మిల్లీగ్రాముల్లో సరిపోతాయి. నియాసిన్ బాగా కొరవడితే పెల్లాగ్రా వస్తుంది. చర్మం, పేగులు, మెదడు అన్నీ ఒక్కసారే దెబ్బతినే జబ్బు అది. తట్టలు లేక ఏ కణంలోనూ పని సాగకపోతే అలాగే ఉంటుంది మరి.

మెట్టు 3: గ్లూకోజ్‌ను రెండుగా చీల్చండి

ఇది కణద్రవ్యంలోనే, అంటే సైటోప్లాజంలోనే జరుగుతుంది. పేరు గ్లైకాలసిస్. మొత్తం 10 చర్యలు. వీటిలో ఏ ఒక్కదానికీ ఆక్సిజన్ అక్కర్లేదు. "ఆక్సిజన్ ఉంటే ఒక పద్ధతి, లేకుంటే మొదటి నుంచీ వేరే పద్ధతి" అనుకుంటే పొరపాటు. మొదటి 10 చర్యలూ రెండింటికీ ఒకటే.

ముందు పెట్టుబడి. కణంలోకి వచ్చిన గ్లూకోజ్‌కు వెంటనే ఒక ఫాస్ఫేట్ తగిలిస్తారు, దీనికి 1 ఏటీపీ ఖర్చు. ఫాస్ఫేట్ తగిలిన గ్లూకోజ్ పొరను దాటి బయటికి పోలేదు. వచ్చిన సరుకును లోపల పెట్టి గడియ వేసినట్టు. మూడో చర్యలో ఇంకో ఏటీపీ ఖర్చు. ఇక్కడ పనిచేసే ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము మొత్తం దారికి కాపలాదారు. కణంలో ఏటీపీ దండిగా ఉంటే నెమ్మదిస్తుంది, తగ్గితే జోరందుకుంటుంది. తరువాత 6 కార్బన్ల చక్కెర సరిగ్గా నడిమికి చీలి 3 కార్బన్ల ముక్కలు రెండవుతాయి.

ఇక రాబడి. ఒక్కో ముక్క 1 తట్టను నింపి 2 ఏటీపీలు ఇచ్చి పైరువేట్‌గా మారుతుంది. ముక్కలు రెండు కాబట్టి అన్నిటినీ రెండుతో హెచ్చించండి. ఇక్కడ హెచ్చించడం మరిచిపోయి చివర్లో సగం లెక్క దగ్గర చిక్కుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కాగితం మీద రాయండి. ఏటీపీ: రాబడి 4, ఖర్చు 2, మిగిలింది 2. నిండిన తట్టలు: 2. కార్బన్లు: 6 అలాగే ఉన్నాయి, మూడేసి చొప్పున రెండు పైరువేట్లలో. కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఒక్క అణువు కూడా రాలేదు.

మెట్టు 4: కూడలి దగ్గర ఆగి ఆలోచించండి

ఇప్పుడు కణం చేతిలో ఏమున్నాయి? 2 ఏటీపీలు, రెండు పైరువేట్లు, రెండు నిండు తట్టలు. ఇంకో గ్లూకోజ్ వచ్చింది. దాన్నీ చీల్చాలంటే రెండు ఖాళీ తట్టలు కావాలి. ఉన్నవి నిండి కూర్చున్నాయి.

ఆక్సిజన్ అందుతుంటే చిక్కు లేదు. మైటోకాండ్రియాలో, అంటే కణంలో ఏటీపీ ఎక్కువగా తయారయ్యే చిన్న గదుల్లో, తట్టలు ఖాళీ అవుతుంటాయి. ఆక్సిజన్ లేకపోతే అక్కడ దించుకునే దిక్కు లేదు. అప్పుడు కణానికి వచ్చిన కొరత గ్లూకోజ్ కొరత కాదు, ఎంజైముల కొరత కాదు, ఖాళీ తట్టల కొరత. ఈ వాక్యాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోమని నా సలహా. అవాయు పద్ధతిలో, అంటే ఆక్సిజన్ లేని పద్ధతిలో, తర్వాత జరిగే ప్రతి చర్యకూ ఇదే కారణం.

మెట్టు 5: ఆక్సిజన్ లేని దారిలో నడవండి

తట్టలోని ఎలక్ట్రాన్లను దించడానికి వేరే చోటు దొరకనప్పుడు కణం ఎదురుగా ఉన్న పైరువేట్ మీదే దించేస్తుంది. ఎలక్ట్రాన్లు అందుకున్న పైరువేట్ లాక్టేట్ అవుతుంది. ఒక్కటే చర్య. తట్ట ఖాళీ. గ్లైకాలసిస్ మళ్లీ మొదలు. మన కండరాలు, పాలను పెరుగుగా మార్చే బాక్టీరియా చేసేది ఇదే. ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా అసలు లేవు కాబట్టి, ఒళ్లంతా ఆక్సిజన్ మోసే ఆ కణాలు తమ కోసం చుక్క ఆక్సిజన్ కూడా వాడుకోకుండా దాదాపు 120 రోజులు ఈ దారి మీదే బతుకుతాయి.

ఈస్ట్ రెండు అడుగుల్లో వెళుతుంది. ముందు పైరువేట్ నుంచి ఒక కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా తీసేస్తుంది. మిగిలిన ఎసిటాల్డిహైడ్ మీద తట్టను దించితే అది ఇథనాల్ అవుతుంది. పిండిని పొంగించే బుడగలు మొదటి అడుగులోవి, మద్యం రెండో అడుగులోది. దీనికి ప్రాణమున్న కణమే ఉండాలని ఒకప్పుడు నమ్మేవారు. ఎడ్వర్డ్ బుక్నర్ 1897లో ఈస్ట్‌ను నలగ్గొట్టి, కణాలు లేని రసంలోనూ చక్కెర పులుస్తుందని చూపించాడు. ఎంజైముల శాస్త్రానికి అక్కడే పునాది పడింది. 1907లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు లెక్క రాయండి. లాక్టేట్ తయారీలో వచ్చిన ఏటీపీ: సున్నా. ఇథనాల్ తయారీలో: సున్నా. అవును, సున్నానే. కిణ్వనంలో, అంటే ఇప్పుడు చూసిన ఈ పద్ధతిలో, దొరికే 2 ఏటీపీలూ గ్లైకాలసిస్‌లో వచ్చినవే. ఆ తర్వాతి చర్యలు తట్టలు ఖాళీ చేయడానికే. "లాక్టిక్ ఆమ్లం తయారైతే శక్తి వస్తుంది" అని రాసే జవాబు అందుకే తప్పు.

ఇది వృథా పద్ధతా? తొందరపడి ఆ మాట అనకండి. ఒక మోల్ గ్లూకోజ్ పూర్తిగా ఆక్సీకరణ చెందితే 686 కిలోకేలరీలు. అదే రెండు లాక్టేట్లుగా మారితే బయటపడేది 47 మాత్రమే. మిగతా 93 శాతం లాక్టేట్‌లోనే భద్రంగా ఉంది. అది పోయిన శక్తి కాదు, ఇంకా విప్పని మూట. కండరం వదిలిన లాక్టేట్‌ను గుండె తీసుకుని ఇంధనంగా కాల్చుకుంటుంది. కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి పంపుతుంది. ఈ రాకపోకలనే కోరి వలయం అంటారు.

ఇక్కడే చేసి చూడదగ్గ చిన్న పని ఒకటుంది. ఒక చేతిని తల మీదికి నిటారుగా ఎత్తి, పిడికిలి గబగబా బిగిస్తూ తెరుస్తూ లెక్కపెట్టండి. ఇక చాలు అనిపించినప్పుడు ఆపి, అంకె రాసుకోండి. కాసేపు ఆగి, రెండో చేతిని కిందికి వేలాడదీసి అదే వేగంతో చేయండి. చాలామందికి కిందికి దించినప్పుడే అంకె పెద్దదిగా వస్తుంది. ఎత్తిన చేతికి రక్తం అందడం కష్టం, దాంతో ఆక్సిజన్ రాకా తగ్గుతుంది, కండరంలో చేరిన సరుకు బయటికి పోవడమూ తగ్గుతుంది. మొదటి కొద్ది క్షణాలు మాత్రం రెండు చేతులూ ఒకేలా చురుగ్గా ఉంటాయి. అది ఫాస్ఫోక్రియాటిన్ చలవ. తన ఫాస్ఫేట్‌ను నేరుగా ఏడీపీకి ఇచ్చి, గట్టి శ్రమలో సుమారు 10 సెకన్ల పాటు ఆదుకుంటుంది. ఆపైన భారం గ్లైకాలసిస్ మీద పడుతుంది.

అప్పుడు పుట్టే మంటకు లాక్టిక్ ఆమ్లాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం సరికాదు. కండరంలో పేరుకునే ఆమ్లత్వం, ఏటీపీ విరిగి మిగిలిన ఫాస్ఫేట్, ఇంకా చాలా కలిసి పనిచేస్తాయి. ఇక వ్యాయామం చేసిన మర్నాడు, ఆ మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పులకు లాక్టేట్‌తో సంబంధం లేదు. అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి సర్దుకుపోతుంది. మర్నాటి నొప్పి కండర తంతువుల్లో పడిన సూక్ష్మమైన చీలికలది, వాటిని బాగుచేసుకునే క్రమంలో వచ్చే వాపుది.

గోల్డ్‌ఫిష్ చేసే పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. చలికాలంలో చెరువు మీద మంచు కప్పుకుని నీటిలో ఆక్సిజన్ అయిపోతే, అదీ దాని దగ్గరి బంధువైన క్రూషియన్ కార్ప్ అనే చేపా లాక్టేట్‌ను ఇథనాల్‌గా మార్చి మొప్పల్లోంచి నీటిలోకి వదిలేస్తాయి. లాక్టేట్ ఒంట్లో పేరుకుని ఆమ్లంతో చచ్చిపోయే ముప్పు అలా తప్పించుకుంటాయి. బయటికి పోయిన ఇథనాల్‌లోని శక్తి మాత్రం పోయినట్టే.

పదాల దగ్గర ఒక జాగ్రత్త. మన పాఠ్యపుస్తకాల్లో కిణ్వనాన్నీ అవాయు శ్వాసక్రియనూ కలిపి వాడుతుంటారు. సూక్ష్మజీవుల శాస్త్రంలో అవి వేరు. కొన్ని బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్ మీదో సల్ఫేట్ మీదో ఎలక్ట్రాన్లు దించుతాయి. వాటికి ఎలక్ట్రాన్ రవాణా గొలుసు (ఏడో మెట్టులో చూస్తాం) ఉంది, చివర అందుకునేది మాత్రం ఆక్సిజన్ కాదు. ఖచ్చితంగా చూస్తే అవాయు శ్వాసక్రియ అదే. కిణ్వనంలో ఆ గొలుసే ఉండదు.

మెట్టు 6: ఈస్ట్‌తో కళ్లారా చూడండి

నీటిని బాగా మరగబెట్టి మూతపెట్టి చల్లార్చండి. మరిగితే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ పోతుంది. వేలు పెడితే గోరువెచ్చగా, అంటే 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 200 మిల్లీలీటర్లు సీసాలో పోసి రెండు చెంచాల గ్లూకోజ్ కానీ చక్కెర కానీ కరిగించండి. అరచెంచా పొడి ఈస్ట్ కలపండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది. ఎక్కువమంది ప్రయోగం విఫలమయ్యేది ఇక్కడే. పైన వేలెడు మందం నూనె పోస్తే గాలి లోపలికి రావడం బాగా తగ్గుతుంది. మూతకు రంధ్రం చేసి సన్నని గొట్టం ఒకటి నూనె పైనున్న ఖాళీ చోటు దాకా దింపి, రెండో కొసను సున్నపు తేటలో ముంచండి. సున్నపు తేట అంటే నీటిలో సున్నం కలిపి, అడుగున పేరుకున్నాక పైన మిగిలే తేట నీరు. సున్నం ఒంటికి, కంటికి ప్రమాదం, పిల్లలు చేస్తుంటే పెద్దలు పక్కన ఉండాలి. గొట్టం లేకుండా సీసాను ఎప్పుడూ బిర్రుగా బిగించకండి, వాయువు పోయే దారి లేకపోతే పగులుతుంది.

ఇలాంటిదే రెండో సీసా పెట్టండి, కానీ అందులో ముందే మరగబెట్టి చంపిన ఈస్ట్ వేయండి. పోల్చి చూడడానికి ఇది లేకపోతే ప్రయోగానికి విలువ లేదు.

పావుగంట నుంచి అరగంటలో మొదటి సీసాలో నూనె కిందనుంచి చిన్న చిన్న బుడగలు తీగల్లా లేచి, నూనె పొర దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని ఉబ్బించి పైకి చీల్చుకుపోతాయి. మొదట వచ్చేది సీసాలోని పాత గాలి. కాసేపటికి సున్నపు తేట కొసన పాలచుక్క కలిసినట్టు మబ్బుగా మారి, నెమ్మదిగా తెల్లబడుతుంది. కాల్షియం కార్బనేట్ పొడి అది. చాలాసేపు అలాగే వదిలితే తెల్లదనం తిరిగి తగ్గవచ్చు, కంగారు పడకండి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే అది కరిగే బైకార్బనేట్ అవుతుంది. ఒక రోజు ఆగి మూత తీస్తే వాసనే చెబుతుంది.

ఈ ప్రయోగం నిరూపించేదేమిటో, నిరూపించనిదేమిటో కూడా చూసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ వాయు సహిత శ్వాసక్రియలోనూ వస్తుంది. కాబట్టి సున్నపు తేట తెల్లబడినంత మాత్రాన ఆక్సిజన్ లేని దారి అని తేలదు. నూనె పొర, మరగబెట్టిన నీరు, చివర్లో ఇథనాల్ వాసన, మూడూ కలిస్తేనే ఆ మాట అనగలం. ఇంకో మాట, చక్కెర దండిగా ఉంటే ఈస్ట్ గాలి ఉన్నా కూడా కిణ్వనం చేస్తుంది.

మెట్టు 7: ఆక్సిజన్ ఉన్న దారిలో, మైటోకాండ్రియా లోపలికి

రెండు పైరువేట్లు మైటోకాండ్రియా లోపలికి వెళతాయి. గుమ్మం దగ్గరే ఒక్కోటి ఒక కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా వదిలి, ఒక తట్టను నింపి, ఎసిటైల్ కో ఎంజైమ్ ఏ అవుతుంది. రాయండి: కార్బన్ డయాక్సైడ్ 2, తట్టలు 2.

తర్వాత క్రెబ్స్ వలయం. హాన్స్ క్రెబ్స్ 1937లో దీన్ని వివరించాడు, 1953లో నోబెల్ అందుకున్నాడు. మధ్యలో వచ్చే ఆమ్లాల పేర్లు పరీక్ష కోసం నేర్చుకోండి కానీ అర్థం కోసం ఇంత చాలు: 2 కార్బన్ల ఎసిటైల్ 4 కార్బన్ల అణువుతో కలిసి 6 కార్బన్ల సిట్రేట్ అవుతుంది, తిరుగుతూ రెండు కార్బన్లను కార్బన్ డయాక్సైడ్‌గా వదిలి, మళ్లీ 4 కార్బన్ల దగ్గరికి వస్తుంది. ఒక గ్లూకోజ్‌కు రెండు చుట్లు. రాబడి: 6 ఎన్ఏడీహెచ్, 2 ఎఫ్ఏడీహెచ్2, 2 ఏటీపీలు, 4 కార్బన్ డయాక్సైడ్లు.

ఆరు కార్బన్లూ వెళ్లిపోయాయి, చూశారా. ఇంతవరకు ఆక్సిజన్ అణువు ఒక్కటి కూడా వాడలేదు! ఏటీపీ గడిలో ఉన్నవి 4. తట్టల గడిలో మాత్రం 12 ఉన్నాయి: 10 ఎన్ఏడీహెచ్, 2 ఎఫ్ఏడీహెచ్2. గ్లూకోజ్ శక్తిలో అధిక భాగం ఇప్పుడు ఆ తట్టల్లో ఉంది.

మైటోకాండ్రియా లోపలి పొరలో ఎలక్ట్రాన్ రవాణా గొలుసు ఉంటుంది. తట్టలు అక్కడ దించుతాయి. ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కు మెట్లు దిగినట్టు దిగుతాయి. దిగినప్పుడల్లా విడుదలయ్యే శక్తితో ప్రోటాన్లను పొర అవతలికి తోస్తాయి. అవతల ప్రోటాన్లు కిక్కిరిసి, లోపలికి రావాలని ఒత్తిడి చేస్తుంటాయి. పొర మందం కొన్ని నానోమీటర్లే, కానీ దాని రెండు పక్కల మధ్య సుమారు 0.15 వోల్టుల తేడా నిలుస్తుంది. పీటర్ మిచెల్ 1961లో ఈ ఆలోచన చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. అప్పట్లో అందరూ శక్తిని మోసుకెళ్లే ఏదో రసాయనం కోసం వెతుకుతున్నారు. అది రసాయనం కాదు, ప్రోటాన్ల తేడా అని 1978 నోబెల్ నాటికి లోకం ఒప్పుకుంది.

ప్రోటాన్లు తిరిగి లోపలికి రావడానికి ఉన్న గుమ్మం ఏటీపీ సింథేజ్. అది నిజంగానే గిర్రున తిరుగుతుంది. పోలికకు చెప్పడం లేదు. జపాన్ శాస్త్రవేత్తలు 1997లో దాని ఇరుసుకు మెరిసే ప్రోటీన్ పోగు ఒకటి అతికించి, అది గుండ్రంగా తిరగడాన్ని మైక్రోస్కోప్‌లో చూశారు. అదే ఏడాది పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు ఈ ఎంజైము మీద పనికి నోబెల్ వచ్చింది. ఒక్క చుట్టుకు 3 ఏటీపీలు తయారవుతాయి.

దిగీ దిగీ శక్తి ఉడిగిన ఎలక్ట్రాన్లను చివర ఎవరో అందుకోవాలి. అందుకునేదే ఆక్సిజన్. ఒక ఆక్సిజన్ అణువు 4 ఎలక్ట్రాన్లను, 4 ప్రోటాన్లను తీసుకుని రెండు నీటి అణువులవుతుంది.

ఇప్పుడు కాగితం మీద లెక్క సరిచూసుకోండి. 12 తట్టలు, తట్టకు 2 చొప్పున 24 ఎలక్ట్రాన్లు. ఆక్సిజన్ అణువుకు 4 చొప్పున పంచితే 6 ఆక్సిజన్ అణువులు కావాలి. సమీకరణంలో ఏళ్ల తరబడి రాసిన ఆ "6 ఆక్సిజన్" ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది కదా! అయితే 6 ఆక్సిజన్ అణువుల నుంచి 12 నీటి అణువులు రావాలి, పుస్తకంలో 6 మాత్రమే ఎందుకుంటాయి? దారిలో 6 నీటి అణువులు ఖర్చయ్యాయి కాబట్టి. 6 కార్బన్ డయాక్సైడ్లకు 12 ఆక్సిజన్ పరమాణువులు కావాలి, గ్లూకోజ్‌లో ఉన్నవి 6. మిగతా 6 నీటి లెక్కలోంచి వచ్చాయి. రెండు పక్కలా ఆరేసి కొట్టేసి పుస్తకాల్లో రాస్తారు, దాంతో అసలు కథ మరుగున పడిపోతుంది.

మెట్టు 8: మొత్తం ఏటీపీ తేల్చండి

ఒక ఎన్ఏడీహెచ్ దించితే సుమారు 10 ప్రోటాన్లు అవతలికి పోతాయి, ఒక ఎఫ్ఏడీహెచ్2 గొలుసులో కాస్త కింది మెట్టు దగ్గర దించుతుంది కాబట్టి 6 మాత్రమే. ఒక ఏటీపీ తయారై బయటికి చేరడానికి సుమారు 4 ప్రోటాన్లు. అంటే ఎన్ఏడీహెచ్‌కు 2.5, ఎఫ్ఏడీహెచ్2కు 1.5. పదింటికి 25, రెండింటికి 3, ముందు చేతికొచ్చిన 4 కలిపితే 32. గ్లైకాలసిస్‌లో నిండిన రెండు తట్టలు నేరుగా మైటోకాండ్రియాలోకి రాలేవు, వాటి సరుకును ఇంకో వాహకం అందించాలి. కండరం వంటి కొన్ని చోట్ల ఆ వాహకం ఎఫ్ఏడీకి అందిస్తుంది, అప్పుడు 30.

పాత పుస్తకాల్లో 38, 36 అని ఉంటుంది. తట్టకు 3, 2 అని పూర్ణాంకాలు పట్టుకుని వేసిన లెక్క అది. మీ పరీక్ష పుస్తకం ఏ అంకె ఇస్తే అది రాయండి, కానీ కణంలో జరిగేదానికి 30–32 దగ్గరగా ఉంటుందని తెలుసుకుని రాయండి. 32ను 7.3తో హెచ్చిస్తే దాదాపు 234 కిలోకేలరీలు, 686లో మూడో వంతు. మిగతాది వేడి. మన ఒంటి వెచ్చదనం అక్కడిదే.

ఆక్సిజన్ లేకుండా 2, ఉంటే 30 పైచిలుకు. మరి కండరం ఆ 2 కోసం ఎందుకు వెంపర్లాడుతుంది? వేగం కోసం. ఊపిరి, రక్తం, గుండె ఇవన్నీ అందుకునేలోపే గ్లైకాలసిస్ ఏటీపీని గబగబా అందించగలదు, గ్లూకోజ్ ఉన్నంతసేపు.

మెట్టు 9: కాగితం మూసి ఈ రెండింటికి జవాబు చెప్పండి

మొదటిది. 1930లలో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని సన్నబడే మందుగా వాడారు. అది ప్రోటాన్లను ఏటీపీ సింథేజ్ గుండా కాకుండా అడ్డదారిలో పొర దాటించేస్తుంది. ఏం జరిగి ఉంటుంది? తట్టలు దిగుతూనే ఉంటాయి, ఆక్సిజన్ ఖర్చవుతూనే ఉంటుంది, నీరూ తయారవుతుంది, ఏటీపీ మాత్రం సరిగ్గా రాదు. శక్తంతా వేడిగా పోతుంది. బరువు తగ్గారు, కానీ ఒంటి వేడి అదుపు తప్పి కొందరు చనిపోయారు. నవజాత శిశువుల ఒంట్లోని గోధుమ రంగు కొవ్వు ఇదే అడ్డదారిని అదుపులో ఉంచుకుని ఒంటిని వెచ్చబరచుకోవడానికి వాడుకుంటుంది.

రెండోది. సైనైడ్ ఒంట్లోకి వెళితే గొలుసు చివరి ప్రోటీన్‌ను, ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించే ప్రోటీన్‌ను, పట్టేస్తుంది. ఊపిరితిత్తులు బాగున్నాయి, రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంది. అయినా మనిషి నిమిషాల్లో ఎందుకు కూలిపోతాడు, రక్తంలో లాక్టేట్ ఎందుకు ఎగబాకుతుంది, ముదురు రంగులో ఉండాల్సిన సిరల రక్తం ధమనుల రక్తంలా ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది? దించే చోటు మూతపడింది. తట్టలన్నీ నిండిపోయాయి. కణాలు దిక్కుతోచక పైరువేట్ మీద దించడం మొదలుపెట్టాయి, అందుకే లాక్టేట్. ఆక్సిజన్ గుమ్మం దాకా వచ్చి, అందుకోవడానికి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేక, వచ్చిన రక్తంలోనే తిరిగి వెళ్లిపోయింది, అందుకే ఆ ఎరుపు.